బాపు కోసిన చెవులు

పోయిన వారం కొరియర్ అతను ఒక చెక్కపెట్టె మా గడపలో దించి సంతకం చేయమన్నాడు. ఎవరు పంపారో చూసే అవసరం రాలేదు. పెట్టెను పక్కకు జరపగానే లోపల టకటకమని చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో లెక్క లేదు గానీ నా చెవులకు మాత్రం నిన్న విన్నట్టే ఉంది. చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి అక్కడే చతికిలబడ్డాను. పాత పత్రికల మడతల్లోంచి రెండు మూరల పొడుగున, పొడుగు మెడా పొడుగు తోకా వేసుకుని మా డైనోసార్ బయటికి వచ్చింది. దాంతోపాటు, దాన్ని మాతో చేయించుకున్న సారు ఉత్తరం. ఎనభై దాటిన మనిషి, అక్షరాలు అటూ ఇటూ తూలుతున్నాయి. ఈ జీవి భుజం ఎముక అమరిక గురించి శాస్త్రజ్ఞుల మాట ఈమధ్య మారిందట, ఛాతీ ఇంకొంచెం ఎత్తుగా ఉండాలట. తప్పు బొమ్మను తన తర్వాతివాళ్ళకు అప్పగించడం ఇష్టం లేదు, సరిచేసి పెట్టగలవా అమ్మా, అని రాశారు.

సారుకేం, ఒక్క వాక్యంలో రాసేశారు. కన్ను తెరిచిన బొమ్మ మీద కత్తి పెట్టకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. అందులోనూ ఈ కన్ను తెరిచింది నేను, ఈ ఒళ్ళు తీర్చింది బాపు, మా నాన్న, ఆ బాపు ఇప్పుడు లేడు. మూడు రోజులు దాన్ని గూట్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను తప్ప పని ముట్టలేదు.

మాది చేర్యాల వైపు నుంచి వచ్చి సిద్దిపేటలో స్థిరపడ్డ నకాషీ కుటుంబం. పటాలు గీయడం, తొడుక్కునే ముఖాలు చేయడం, కొయ్యబొమ్మలకు రంగులు వేయడం మా పని. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రోట్లో బంకలా రుబ్బి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తే ఆ ముద్దతో ఏ ఆకారమైనా వస్తుంది, ఎండితే దెబ్బకు పగలదు. రుబ్బడం, సుద్ద పూయడం, రంగులు నూరడం ఆడవాళ్ళ వంతు, నా భుజాలు ఇవాళ్టికీ ఆ రోటి సంగతి చెబుతూనే ఉంటాయి. కన్ను తెరవడం మాత్రం ఇంటి పెద్ద ఒక్కడి హక్కు. ఆ రోజు ఒక్కపొద్దు ఉండి, స్నానం చేసి, ఉడుత వెంట్రుకల కుంచెతో చివరగా నల్లగుడ్డు పెట్టేవాడు బాపు. అంతదాకా అది ఉత్త చింతపిండి, ఆ తర్వాత అది జీవం.

సారు మాకు కొమురవెల్లి జాతరలో దొరికారు. హైదరాబాదులో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మా దుకాణంలో ఎద్దు ముఖం ఒకటి ఎత్తి, తిప్పి, గోటితో గీకి, ఇది ఎంత తేలికగా ఉందో అంటూ ఆశ్చర్యపోయి, ఆ తర్వాత నెలకు మా ఇంటికే వచ్చారు. ఆయనకూ, ఆయనలాంటి కొందరికీ డైనోసార్ బొమ్మలు పోగుచేసే పిచ్చి. ఆట బొమ్మలు కావు. వేళ్ళు ఎన్ని, గోరు ఎటు వంగింది, తోక నేలను తాకాలా వద్దా అని శాస్త్రం చెప్పినట్టే ఉండాలి, ఒక్క వేలు ఎక్కువైనా ఆ బొమ్మను వాళ్ళ గూట్లో పెట్టరు. అన్నీ పరదేశాల నుంచే తెప్పించుకునేవారు. మన గోదావరి పక్క నేలలో ఎముకలు దొరికిన జీవికి మాత్రం సరైన బొమ్మ ఎవరూ చేయలేదు, దాన్ని ఇక్కడి చేతులతోనే చేయించాలని ఆయన పట్టుదల. బాపు పుస్తకంలోని బొమ్మను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి సరేనన్నాడు. అంత దగ్గరగా ఎందుకు పట్టుకున్నాడో నాకప్పుడు తట్టలేదు, తిక్కదాన్ని.

మా ఆయన అప్పట్లో సిద్దిపేట నుంచి హైదరాబాదుకు ఆర్టీసీ బస్సు నడిపేవాడు. ఒక సెలవునాడు మమ్మల్ని అక్కడి మ్యూజియానికి తీసుకుపోయి ఆ జీవి ఎముకల గూడును చూపించాడు. నేను నా బతుకులో పెద్దవి చాలానే చూశాను, కానీ ఆ హాల్లో అడుగుపెట్టి తల ఎత్తినప్పుడు కలిగిన అబ్బురం మళ్ళీ ఎన్నడూ కలగలేదు. మా ఆయన అడుగులు వేసి కొలుచుకుంటూ వచ్చి, తన బస్సు కంటే పొడుగుందని గుసగుసగా చెప్పాడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. బాపు వెనక్కి పోయి చెప్పులు విడిచి వచ్చాడు. కావలి మనిషి నవ్వి, గుడి కాదు పెద్దాయనా అంటే, "గుడి కాకుంటే ఏంది, గింత పెద్ద పానం నడిచిందంటే దండం పెట్టద్దా?" అన్నాడు.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, ముందరి కాలి వేళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాడు. పక్కటెముకలు చెప్పమన్నాడు. మెడ మొదట్లో ఎముక వెడల్పు జానలతో కొలిచి చెప్పమన్నాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు, బాపుకు కనబడడం లేదని. రెండు కళ్ళలోనూ పొర. దవాఖానకు పోదామంటే ఈ బొమ్మ అయినంక అన్నాడు, ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. చూపు పూర్తిగా పోకముందే ఈ ఒక్కటీ తప్పులేకుండా చేయాలన్నది ఆయన ఆశ. ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు, ఎందుకంటే ఒళ్ళు వేళ్ళతో చేయొచ్చు, కన్ను ఎట్లా తెరుస్తాడు?

వానాకాలమంతా పని సాగింది. మా ఆయన ఇనుప తీగలు వంచి ఆ గూడు లెక్కన పంజరం కట్టాడు, నేను రుబ్బి ముద్ద చేసి ఇచ్చాను, బాపు కళ్ళు మూసుకునే చేసేవాడు. మూసుకుంటేనే ఇంకా బాగా కనిపిస్తుందనేవాడు. తొడ కండ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, మెడ ఎత్తితే గొంతు కింద చర్మం ఎట్లా సాగుతుందో, ఆ బొటనవేలు తడుముతూ పోతుంటే పక్కన కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించేది. ఎన్ని కోట్ల ఏళ్ళ కిందటి జీవమో సారు చెప్పేవారు గానీ, ఆ అంకె నా తలకెక్కేది కాదు. బాపు వేళ్ళ కింద అది ఊపిరి పోసుకోవడం మాత్రం కళ్ళారా చూశాను.

సారు చూడడానికి వచ్చారు. చుట్టూ తిరిగారు. తల దగ్గర ఆగిపోయారు. చూస్తే ఏముంది, బాపు దానికి రెండు చెవులు పెట్టాడు! చేర్యాల ముఖాలకు పెట్టే దొప్పల్లాంటి నిండు చెవులు. మనిషికైనా, పులికైనా, ఎద్దుకైనా తల చేయగానే రెండు వైపులా ముద్ద గిల్లి చెవి అతికించడం మా వేళ్ళకు తరతరాల అలవాటు, ఆలోచించి చేసే పని కాదు. పక్కన కూర్చున్న నాకు కళ్ళుండి కూడా తప్పు అనిపించలేదంటే చూడండి. సారు మెల్లగా, దీనికి బయటికి చెవులుండవు, కోడికి లేనట్టే, అన్నారు.

బాపు నమ్మలేదు. "చెవుల్లేకుంటే ఎట్ల ఇంటది సారూ?" అని లేచిపోయి, మేం ఖాలా అని పిలిచే పక్కింటామె కోడిని పట్టుకొచ్చి చెంప దగ్గర ఈకలు పక్కకు జరిపి వేలితో తడిమాడు. ఖాలా గోడ మీది నుంచి, నా ముర్గీని ఏం జేస్తున్నవ్ భయ్యా, గుడ్లు పెట్టేదది, అని ఒకటే లొల్లి. బాపు వేలు చిన్న రంధ్రం మీద ఆగింది. "అయ్యో, అరవై ఏండ్లు కోళ్ళ నడుమనే బతికితిని, దీని చెవి చూడకపోతిని గదా" అన్నాడు. సిగ్గుపడలేదు, కోపం తెచ్చుకోలేదు. తప్పు కనుక్కున్నందుకు సంబరపడ్డాడు. ఆ సాయంత్రమే చిన్న కత్తి అడిగి చెవులు రెండూ కోసేశాడు, అప్పటిదాకా తెరిచే ఉన్న పొట్ట భాగాన్ని తానే మూసి ముద్ద మెత్తాడు. మరునాడు ఎత్తి చూస్తే కడుపులో టకటకమంటోంది. తీగముక్క పడిందేమో తీద్దామని మా ఆయన అంటే బాపు వద్దన్నాడు.

రంగులు వేసేసరికి ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. నా ఈడు వాళ్ళకు ఆ రోజులు చెప్పక్కర్లేదు. బస్సులు డిపో దాటలేదు, బడులు తెరవలేదు, మా ఆయన పొద్దున లేచి ఖాకీ చొక్కా వేసుకుని నేరుగా శిబిరానికి పోయి కూర్చునేవాడు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకున్నాం. ఒక్కో వృత్తివాళ్ళు ఒక్కోరోజు తమ పనిని నడిరోడ్డు మీద చేసేవారు. మంగలివాళ్ళు క్షవరాలు చేశారు, చాకలివాళ్ళు ఇస్త్రీ చేశారు, కుమ్మరివాళ్ళు సారె తిప్పారు. మా వంతు వచ్చిందని కబురొచ్చింది. ఇంట్లో చేతిలో ఉన్న పని ఇదొక్కటే. కన్ను ఒక్కటే మిగిలింది. బాపు దాన్నే ఎత్తుకు రమ్మన్నాడు. నేను ఆడవాళ్ళ జట్టుతో ఆ రోజు నిరాహార దీక్షలో ఉన్నాను, పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

రోడ్డు మధ్యలో చాప మీద దాన్ని నిలబెట్టగానే జనం మూగారు. ఒక పిలగాడు బాపును నిలదీశాడు. "గిదేంది తాతా, తెలంగాణ కోసం కూసుంటే గీ బల్లిని తెచ్చినవ్?"

బాపు అతని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "బల్లి గాదు బిడ్డా. మన గోదారి ఒడ్డున భూమిల దొర్కింది. మనం గిప్పుడు మాది మాది అంటున్న జాగల మనకంటే ముందుగాల నడిచింది గిదే."

వెనక నుంచి ఒక ముసలమ్మ, గిది ఏం తింటది అని అడిగింది. ఆకులలములు అని చెప్పగానే, అట్లయితే మనోళ్ళ లెక్కనే ఉన్నది అనేసింది, అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే బాపు కుంచె తీశాడు. నల్లరంగులో ముంచాడు. నేను చూస్తూనే ఉన్నాను, కుంచె మొన కంటిగుంత దగ్గరికి కాక కనుబొమ గట్టు మీదికి పోతోంది. చుక్క తప్పితే ఇన్ని నెలల పని అందరి ముందూ గుడ్డిదవుతుంది. బాపుకూ తెలిసింది. చేయి గాలిలో ఆగింది. తలెత్తి నేను కూర్చున్న దిక్కుకు తిరిగి, "ఎండ కొడుతున్నది బిడ్డా, నువ్వు పెట్టు. ఎట్లాగూ ఒక్కపొద్దున్నవ్" అన్నాడు.

మా వంశంలో ఆడది కన్ను తెరవడం అంతకుముందు లేదు. అయినా కుంచె అందుకున్నాను. ఖాలా కోడి కన్ను గుర్తు చేసుకున్నాను, తామర రేకులా సాగదీయకుండా గుండ్రంగా, పసుపుపచ్చ మీద నల్లటి చిన్న చుక్క. ఊపిరి బిగబట్టి పెట్టాను. అటు పక్కదీ పెట్టి కుంచె తీసి చూస్తే, అమ్మో, అది నన్ను చూస్తోంది! ఇందాక బల్లి అన్న పిలగాడు చేతులు జోడించాడు. ఆ ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నాకైతే ఏడుపొచ్చింది. బాపు ఏమీ చూడలేడు కదా, చుట్టూ నిశ్శబ్దాన్ని బట్టి కన్ను కుదిరిందని తెలుసుకుని తల ఊపాడు.

సమ్మె ముగిశాక సారు వచ్చి, భూతద్దం పెట్టి, తన పట్టీ చదువుకుంటూ గోరు గోరునా చూసి తప్పు లేదన్నారు. లోపలి చప్పుడు ఏమిటని మాత్రం అడిగారు. దాని కడుపుల ఏమున్నదో మనకెందుకు సారూ అన్నాడు బాపు. కొన్నాళ్ళకు ఎక్కడో దూరదేశపు మనిషి దాని ఫోటో చూసి ఈ చేతులు ఎవరివని అడిగాడట. బాపు ఆపరేషన్ చేయించుకున్నాడు, చూపు వచ్చింది, కానీ కుంచె మళ్ళీ ముట్టలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి కన్నూ నేనే తెరిచాను. రాష్ట్రం వచ్చింది, బాపు అది చూసి పోయాడు.

నాలుగో రోజు ఒక నిర్ణయానికి వచ్చాను. తప్పని తెలిసిన సాయంత్రమే చెవులు కోసేసిన మనిషి, భుజం తప్పని తెలిస్తే ఊరుకునేవాడా? ఇంటి కట్టుబాటు కూడా తప్పకూడదు కదా. అందుకే ముందు తెల్లసుద్ద తీసుకుని నేను తెరిచిన కళ్ళను నేనే మూశాను. అంత కష్టమైన పని నేనింకోటి చేయలేదు. అది మళ్ళీ ఉత్త చింతపిండి అయ్యాక ఛాతీ కింద కత్తి పెట్టి చీరాను. లోపలి నుంచి రెండు ముక్కలు నా ఒళ్ళో పడ్డాయి.

చెవులు! బాపు కోసిన ఆ రెండు చెవులు, ఆయన బొటనవేలి గీతలతో సహా. ముసలాయన పారేయలేదు, ఎవరికీ తెలియకుండా లోపల దాచి మూసేశాడు. నవ్వాను, నవ్వి నవ్వి ఏడ్చాను. పొయ్యి దగ్గరున్న మా ఆయన పరుగెత్తుకొచ్చి, ఏమైందే అంటూ నా చేతిలోవి చూసి ఆయనా కూలబడ్డాడు.

ఇప్పుడు ఇలాంటి బొమ్మలు మిషన్లే పోసేస్తున్నాయట, వెంట్రుకవాసి తేడా రాదట, చింతగింజలు రుబ్బే రోలు మా వాకిట్లో బోర్లా పడి ఉంది. మేం చాప పరిచిన రోడ్డు దాటాలంటే ఇప్పుడు బండ్ల మధ్య నిలబడి ఎదురుచూడాలి, అక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది లేరు, ఉన్నవాళ్ళు కలిస్తే మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకుంటాం. ఛాతీ ఎత్తు చేసి, భుజం సరిచేసి, చెవులు రెండూ మళ్ళీ కడుపులోనే పెట్టి మూశాను. చప్పుడు పోదు సారూ, మన్నించండి, అని జవాబు రాశాను. రేపు ఒక్కపొద్దు ఉండి కళ్ళు తెరవాలి. నా కళ్ళలోనూ పొర మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఫరవాలేదు, ఎక్కడ పెట్టాలో నా చేతికి తెలుసు. కుంచె అందించి, ఎండ కొడుతున్నది బిడ్డా అని అబద్ధం చెప్పే బాపే లేడు.