పసుపు రంగు కింద రాసిన రెండు వరుసలు

ధర్మవరంలో మా మగ్గం సగం నేలలోనే ఉంటుంది. నాయన గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి పెట్టి, తొక్కుడు పలకలు తొక్కుతూ పట్టుచీర నేస్తాడు. నేను పక్కన పట్టుదారం కండెలకు చుడతాను. నా బడి తొమ్మిదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. మధ్యాహ్నం ఒక గంట శాఖా గ్రంథాలయంలో కూర్చోనిదే నాకు తోచదు. భూకంపాలు, తేనెటీగలు, మూత్రపిండాలు, ఏ పుస్తకం దొరికితే అది. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివించుకోవడానికి నా దగ్గరికే తెస్తారు. అది నాకు గర్వంగానే ఉండేది.

వాతావరణ హెచ్చరికల రంగులు కూడా అక్కడే నేర్చుకున్నాను. ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేనట్టు. పసుపు అయితే గమనిస్తూ ఉండమని. నారింజ అయితే సిద్ధం కమ్మని. ఎరుపు అయితే చేయాల్సింది వెంటనే చేయమని. నోట్‌బుక్కులో రాసుకుని వచ్చి వీధంతా చెప్పాను.

అప్పటికి వారం రోజులుగా ముసురు. మగ్గం మీద పెనుకొండ వాళ్ల పెళ్లి చీర ఉంది. సోమవారం తెల్లవారుజామున ముహూర్తం. ఇంకా ఒకటిన్నర గజం నేయాలి.

గురువారం సాయంత్రం మబ్బు చూసి నాయన పార తీసుకున్నాడు. మా వెనక గోడ అవతల ఒక పల్లం ఉంది, వాననీళ్లు అక్కడే నిలుస్తాయి. గోడకు ఇవతల జానెడు దూరంలో మగ్గం గుంత. అనుమానం వస్తే ఆయన ఆ పల్లం నుంచి సందులోకి కాలువ తీస్తాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది.

"ఏమంటాది పాపా నీ ఫోను?"

"పసుపే నాయనా. ఉరుముల్తో ఒక మోస్తరు వానంట. ఏంగాదు."

"కాలవ తీసేదా, వద్దా?"

"ఎరుపొస్తే తీద్దువులే. దానికి గంట పడతాది. ఆ గంట చీర నెయ్యి."

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగి చూసి, "పసుపంటే పేరంటమే కదమ్మా, కుంకుమ కూడా వస్తాదేమో చూడు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. నాయన పార మూలకు ఆనించి, మళ్లీ గుంతలో కాళ్లు పెట్టాడు.

వాన అరగంట పడి ఆగింది. కప్పు కారలేదు, కరెంటు పోలేదు. హిందూపురం నుంచి అక్క ఫోన్ చేసి, "మాకూ అదే మెసేజొచ్చింది, ఈడ చినుకు కూడా లేదు" అంది. జిల్లా మొత్తానికి ఒకటే పంపుతారని ఆమెకు పెద్ద పంతులమ్మలా వివరించాను.

శుక్రవారం ఎండ కాసింది. మధ్యాహ్నం నాయన చటుక్కున కాళ్లు పైకి తీశాడు.

"పాపా, లైటు తే. కాళ్లకు సల్లగా తగలతాండాది."

గోడ వైపు మట్టిలోంచి నీళ్లు ఊరుతున్నాయి. వారం రోజులు తాగిన నేల, ఆ అరగంట వాన ఇక తాగలేకపోయింది. చెంబుతో తోడిన కొద్దీ ఊరుతూనే ఉన్నాయి. సాయంత్రానికి చీలమండ మునిగేంత. పలకల తాళ్లు ఉబ్బాయి. మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు పోగులు తేమకు అంటుకుని తెగుతున్నాయి. నాయన ఒక్కొక్క పోగూ అతుకుతూ కూర్చున్నాడు.

పార తీసుకుని వెనక్కి వెళ్లాను. నేను తవ్వుతుంటే పెద్దమ్మ కూడా తన పారతో వచ్చింది.

"ఏమ్మా, పేరంటానికి నన్ను పిలవనే లేదే!" అంటూనే కాలువ సగం ఆమే తీసింది.

ఆ రాత్రి ఫోన్‌లో ఆ హెచ్చరిక మళ్లీ తెరిచాను. రంగు కింద రెండు వరుసలు ఉన్నాయి. పల్లాల్లో నీరు నిలవవచ్చు. ఇప్పటికే నానిన నేలల్లో ఊట రావచ్చు. అక్కడిదాకా నా వేలు జరగనే లేదు. శనివారం పరుగున గ్రంథాలయానికి వెళ్లి పుస్తకం చూస్తే, రంగుల పక్కన ఒక పేరా ఉంది. రంగు ప్రాంతం మొత్తానికి వేసిన అంచనా అనీ, నష్టం ఎవరెక్కడ ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుందనీ. నేను రంగులు రాసుకుని పేరా వదిలేశాను. గమనిస్తూ ఉండమంటే ఆకాశం చూశాను. మా గోడ వెనక పల్లం ఉన్న సంగతి ఆ హెచ్చరిక పంపినవాళ్లకు తెలియదు. తెలిసిన మనిషి చేతిలో పార ఉంటే, వద్దన్నది నేను.

రెండు రోజులు నేను తోడుతూ ఉంటే నాయన నేశాడు. ఆదివారం సాయంత్రం పెళ్లికూతురి తల్లి వచ్చేసరికి ఇంకా నాలుగు వేళ్ల నేత మిగిలే ఉంది. అది పూర్తయ్యేదాకా ఆమె కూర్చుంది. చీర కోసి మడిచే ముందు, అతుకులు కనబడే చోటును నాయనే వేలుపెట్టి చూపించాడు.

"కుచ్చిళ్లల్లో పోతాదిలేన్నా," అందామె.

ఆమె వెళ్లాక ఆయన ఉబ్బిన పలకల తాళ్లు విప్పి దండెం మీద ఆరేశాడు.

మళ్లీ పసుపు హెచ్చరిక వచ్చింది రెండు వారాలకు. నాయన పార చేతిలో పట్టుకునే అడిగాడు.

"రంగు సరే. కింద ఏం రాసినారో సదువు."

మొదటి వరుస చదివేలోపే ఆయన పెరట్లో ఉన్నాడు. రెండోది గట్టిగా, గోడ అవతల పెద్దమ్మకు కూడా వినబడేలా చదివాను.