తోళ్ల షెడ్డులో కుట్టిన మొదటి జత

ఊళ్లలోకి మిలిటరీ దిగి, పారిపోయిన దొరలు ఒక్కొక్కరే గడీలకు తిరిగొస్తున్న రోజుల మాట ఇది. అంతకు ముందు కొన్నేళ్లు మా జనగామ దిక్కున దొర అన్నవాడు కంటికి కనిపించలేదు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు వెట్టి బందు పెట్టించారు. అప్పటిదాకా మా మాదిగవాడలో పుట్టినవాడు దొరకు ఊరికే చెప్పులు కుట్టివ్వాలి, తను మాత్రం చెప్పులేసుకుని దొర ఎదుట పడకూడదు. పడితే అక్కడికక్కడ విప్పి చంకలో పెట్టుకోవాలి. తాతల నాటి ఆచారమట. ఆచారమా అది, పాడుగాను! సంఘం వచ్చి దాన్ని ఊడ్చేసింది. ఆ సంఘంలో నేనూ తిరిగాను. గుత్ప కర్ర పట్టుకుని గడీ ముందర నిలబడ్డాను. గొప్పకు చెప్పడం లేదు. పుట్టు పిరికివాణ్ని కానని తెలిస్తేనే మిగతా కథకు అర్థముంటుంది.

మిలిటరీ వచ్చాక సంఘం వాళ్లు అడవి పట్టారు. నన్ను పట్టుకుని, కొన్నాళ్లు క్యాంపులో పడేసి, ఒళ్లు హూనం చేసి వదిలారు. ఆ తర్వాత కొత్త సర్కారుకు మా మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టింది. గిల్లి జోల పాడటమంటే అదే. జనగామ స్టేషను అవతల రేకుల షెడ్డు వేసి, మాదిగవాడల నుంచి పడుచువాళ్లను పోగుచేసి, తోలుపని నేర్పిస్తామన్నారు. మాకు నవ్వొచ్చింది. చేపపిల్లకు ఈత నేర్పుతారా ఎవరైనా? అయినా వెళ్లాను. పని నేర్చుకున్నవాడికి కత్తులు, తోలు గుచ్చే ఆరెలు, కర్ర అచ్చులు ఉన్న పెట్టె ఇస్తామన్నారు. కుట్టిన చెప్పులు హైదరాబాదు అంగళ్లకు పంపిస్తామన్నారు. దొరకు ఊరికే కుట్టే బాధ తప్పుతుందంటే ఎవరికి చేదు?

నేర్పడానికి వచ్చిన మాస్టారు మంచివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మా లందల్లో, అంటే తోళ్లు నానేసే గుంతల్లో, నానిన తోలు వానకు తడిస్తే కంపు, ఎండకు ఎండితే రేకు. ఆయన చేయించిన తోలు చేతిలో వంగేది. కాలును కాగితం మీద పెట్టించి చుట్టూ గీసి కొలత తీయడం ఆయన దగ్గరే చూశాను. మేము జానతోనూ దారంతోనూ కొలిచేవాళ్లం. మొదటి జత ఎవరి ఇంటి కొలతకు వాళ్లు కుట్టుకోండి అన్నాడు. నేను కాగితం, పెన్సిలు పట్టుకుని ఇంటికి వెళ్లాను.

నా భార్య తొర్రూరు దిక్కు పిల్ల. పెళ్లయి ఏడాది దాటలేదు. తోళ్ల మధ్యే పుట్టింది, తోళ్ల మధ్యకే వచ్చింది, కాలికి చెప్పు ఎరగదు. మడమలు నెర్రెలిచ్చి ఉండేవి. నోరు మాత్రం మహా గట్టిది.

"కాగితం మీద కాలు వెడితే కండ్లు పోతయంటరు," అంది.

"నీకేమన్న సదువొస్తదా, సరస్వతికి కోపమొచ్చేటందుకు? వెట్టు."

పెట్టింది. పెన్సిలు తగిలినప్పుడల్లా కితకితలై కాలు లాక్కునేది, నేను కసురుకునేవాణ్ని. సగం గీత అయ్యాక నవ్వు ఆపేసింది.

"ఇవి ఏసుకొని నేను యాడికి వోవాలె? దొర మల్లొచ్చిండాయె. ఎదురొస్తే మల్ల సంకల వెట్టుకునుడే గదా?"

"గా రోజులు పోయినయ్. గిప్పుడు సర్కారే ఏసుకోమంటున్నది. నిన్ను ఇప్పుమని ఎవడన్న అంటే నేను లేనా?"

"ఉంటవా?"

"ఉంట."

ఆమె మళ్లీ కాలు కాగితం మీద పెట్టింది. ఈసారి కదల్చలేదు.

షెడ్డులో పని అయిపోయిన రోజు సభ పెట్టారు. కోస్తా నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన, ఇళ్ల నుంచి ఆడవాళ్లను కూడా పిలిపించండి, అందరూ మీరు కుట్టిన చెప్పులే వేసుకుని రండి, ఫోటో తీయిస్తాం అన్నాడు. ఉత్సాహం గల మనిషి. మేము తలకు నూనె పెట్టుకుని, చెప్పులు టకటకలాడించుకుంటూ వరసగా నిలబడ్డాం. ఆడవాళ్లు ఎదురుగా గోడ పక్కన నిలబడ్డారు. నా భార్య చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంది, చెప్పులు కనబడాలని. నాకు గర్వంగా ఉండింది. పెట్టెలు ఇచ్చే పెద్దమనిషి ఎవరో మాకు చెప్పలేదు.

జీపు వచ్చి ఆగింది. దిగినవాడు మా ఊరి దొర.

విప్పమని ఎవరూ అనలేదు. ఆయన మా కాళ్ల వైపైనా చూడలేదు. వరసలో మొదటివాడు వంగాడో, నేనే ముందు వంగానో చెప్పలేను. చూసేసరికి అందరి చెప్పులూ చంకల్లో ఉన్నాయి. మరిపెడ నుంచి వచ్చినవాళ్లకు ఆ దొర ఎవరో కూడా తెలియదు. వాళ్లూ విప్పారు. ఛీ, గుత్ప పట్టిన చేతులే నావి, నా చెప్పులు నేనే విప్పుకున్నాను!

అధికారి తెల్లబోయాడు. "ఏమిటయ్యా ఇది? ఫోటో చెప్పులకే కదా! వేసుకోండి, వేసుకోండి!"

ఒక్కడూ కదల్లేదు. ఆయన దొర వైపు తిరిగి నొచ్చుకుంటూ, "ఏమనుకోకండి. వీళ్లకింకా అలవాటు కాలేదు. నేర్పుతాం," అన్నాడు.

"మెల్లగ నేర్పుండ్రి," అన్నాడు దొర. "తొందరేమున్నది?"

అంతలో అధికారి కళ్లు ఆడవాళ్ల మీద పడ్డాయి. వాళ్లూ విప్పేశారు. ఒక్కతి విప్పలేదు.

"అదిగో! ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి! ఇలా రామ్మా!" అంటూ ఆమెను పిలిచి, తీసుకొచ్చి దొర పక్కన నిలబెట్టాడు. పాపం, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

దొర ఆమె కాళ్లు చూశాడు. తర్వాత ముఖం చూశాడు. కోపం కూడా లేదు గొంతులో.

"ఎవని పెండ్లానివే నువ్వు?"

నేను నాలుగు బారల దూరంలో ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. నా పెండ్లాం, దొరా. అంతే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పెట్టె పోతుందని భయపడ్డావా, మళ్లీ క్యాంపులో వేస్తారని భయపడ్డావా అని తర్వాత నన్ను నేనే అడుక్కున్నాను. అబద్ధమెందుకు, అప్పుడు అవేవీ తలకు రాలేదు. ఆయన నా వైపు చూడకుండా ఉంటే చాలనిపించింది.

ఆమె మా వరస మీదుగా చూసింది. నా దగ్గర చూపు ఆగింది. నేను తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి ఆమె ఇంకెటో చూస్తోంది.

"చెప్పులు కుట్టేటోని పెండ్లాన్ని," అంది.

ఆ వరసలో ఉన్నవాళ్లమంతా చెప్పులు కుట్టేవాళ్లమే. నన్ను పట్టివ్వలేదు. అధికారి చప్పట్లు కొట్టి, బాగా చెప్పావమ్మా అన్నాడు. దొర ఇంకేమీ అడగలేదు. ఫోటో తీశారు. పేరు పిలిచినప్పుడు వెళ్లి, దొర చేతి నుంచి పెట్టె తీసుకున్నాను. నడుము వంచి తీసుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఊరి బాట పట్టాం. పెట్టె నా నెత్తిన ఉంది, చెప్పులు చంకలోనే ఉన్నాయి. దొర జీపు ఎప్పుడో దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది, బాట మీద నరమానవుడు లేడు. వేసుకోవచ్చు. కానీ ఆమె చూస్తుండగా వాటిని కింద పెట్టి కాళ్లు దూర్చడానికి నాకు సిగ్గేసింది. అందుకని ఒట్టి కాళ్లతోనే నడిచాను. కంకర గుచ్చుకుంటుంటే గుచ్చుకోనీ అనుకున్నాను. తిడుతుందని కాచుకున్నాను. ఇంత నోరున్న మనిషి, తిడితే బాగుండు, నా బరువు కొంత దిగేది. ముందుకు చూస్తూ నడుస్తూనే ఉంది.

కొంత దూరం పోయాక ఆమె ఆగింది. వంగి చెప్పులు విప్పి చేత పట్టుకుంది.

"కరుస్తున్నయా?" అన్నాను. కొత్త చెప్పులు కదా.

"లేదు. మంచిగున్నయ్."

"మరెందుకు ఇప్పినవ్?"

"నువ్వు ఒట్టి కాళ్లతోని నడుస్తుంటే, నేను చెప్పులేసుకొని నీ పక్కపొంటి నడుసుడు మంచిగుండదయ్యా," అంది.

దొర ముందు విప్పని మనిషి నా కోసం విప్పింది.