కడిగేసిన ఆకుపచ్చ

మొన్న శుక్రవారం సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక కొట్లో కాఫీ ఫ్లాస్కు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడిపోయాను. దాని చుట్టూ ఎరుపు, పసుపు, నలుపు త్రికోణాలు, అడుగున వెడల్పాటి ఆకుపచ్చ పట్టీ. కొట్టాయన హిందీలో "తీసుకోండి, ఎన్నిసార్లు కడిగినా రంగు పోదు" అన్నాడు. నవ్వొచ్చింది. అచ్చం అలాంటి ఆకుపచ్చను ఒకసారి నా చేతులతో కడిగి పోగొట్టినదాన్ని నేను.

అప్పుడు అబహా కొండల్లో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. యజమానిని బాబా అని పిలిచేదాన్ని, ఆయన భార్యను మేడమ్ అని. మేడమ్ తల్లి కూడా ఆ ఇంట్లోనే ఉండేది, నా లెక్కలో ఆమె ముసలమ్మ. కొండవాలులో తుర్కీవాళ్ళ ఏలుబడి నాటి పేట ఒకటుంది. ముసలమ్మ పుట్టిల్లు అందులోనే. ఎవరూ కాపురం ఉండరు, ఏడాదికొకసారి ఈద్ పండగ ముందు చుట్టాలంతా చేరి భోంచేస్తారు. నాకేమో ఆ నెలలోనే ఊపిరి సలపడం లేదు. కడపలో నా కూతురికి నెలలు నిండాయి, తొలి కాన్పు. నేను వెళ్ళి రావాలంటే బాబా రీఎంట్రీ వీసా పెట్టాలి. కాన్పు ఆగదు బాబా అని మూడుసార్లు మొత్తుకున్నాను. పాత ఇంట్లో భోజనాలు కానీ, చూద్దాం అన్నాడు. 'చూద్దాం' అంటే ఏమిటో మా ఊళ్ళోనే నేర్చుకుని వచ్చాను కాబట్టి, ఆ రోజు ఇల్లు అద్దంలా ఉంచి ఆయన నోరు మూయించాలని ఒట్టు పెట్టుకున్నాను.

పొద్దున్నే డ్రైవరన్న నన్ను కొండ కింద దింపాడు. ఆయనది జగిత్యాల వైపు. కారు పైకి పోదు. బకెట్లు, చీపుళ్ళు, సబ్బుపొడి మోసుకుంటూ ఇద్దరం రాతిమెట్లు ఎక్కాం. మంచు దిగి రెండు ఇళ్ళ అవతల ఏముందో కనబడటం లేదు. అన్నీ మట్టి ఇళ్ళు. గోడల్లోంచి పలకరాళ్ళు వరుసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాన గోడను తాకకుండా జారిపోవడానికట, డ్రైవరన్న ఆయాసపడుతూ చెప్పాడు. నేను ఊఁ కొట్టాను గానీ బుర్రకెక్కించుకోలేదు.

లోపల పెద్దగదిలో గోడ నిండా ముగ్గుల్లాంటి రంగుల గీతలు. ముసలమ్మ తల్లి వేసినవి. వాటి కింద నేల నుంచి మోకాలెత్తు దాకా ఆకుపచ్చ, దుమ్ముపట్టి మాసిపోయి ఉంది. నాకు చెప్పింది పొడిగుడ్డతో దులపమని. కానీ నీళ్ళు పోయనిదే మాకు శుభ్రమైనట్టు ఉంటుందా? సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఒక మూల కసిగా రుద్దాను. గుడ్డ పచ్చగా అయింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా రుద్దాను. తలెత్తి చూద్దును కదా, రెండు బారల మేర ఆకుపచ్చ లేదు, తడిసిన మట్టి ఉంది. వాన తగలకుండా అంత జాగ్రత్తగా కట్టిన ఇంటికి లోపలినుంచి వాన కురిపించాను.

డ్రైవరన్న తొంగిచూసి నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం జేసినవ్ చెల్లె! ఇగ నీ రీఎంట్రీ అయినట్టే."

"నేనేం జేసేదన్నా ఇప్పుడు? బిడ్డ ఆడ నా కోసం కాసుకోని ఉండాది!"

"ఏడువకు. గా ఆనుకునే దిండ్లు అడ్డం పెట్టు. ఎవ్వలు జూస్తరు?"

పెట్టాను. మెట్ల మీద మాటలు వినబడుతున్నాయి. అంతలో మేడమ్ చెయ్యి పట్టుకుని ముసలమ్మ గడపలోకొచ్చింది. గదిలో అన్ని చోట్లుండగా నేరుగా ఆ మూలకే నడిచింది. తన తల్లి కూర్చునే చోటట అది. ఒక్కొక్క అడుగూ వేస్తుంటే నా ప్రాణం ఒక్కొక్క అడుగు జారింది. కూర్చుని వెనక్కి వాలబోయింది. ఆ చలిలో తడిగోడ ఆ ముసలి వీపుకు తగలడం నేను చూడలేకపోయాను. నా చేత్తో నేనే దిండు లాగేశాను. "నేను. నీళ్ళు" అన్నాను. వింటే అర్థమయ్యేది గానీ, మాట్లాడటానికి నాకొచ్చిన అరబ్బీ ఆపాటిది.

మేడమ్ కెవ్వుమంది. ఆ కేకకు బాబా రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, గోడను చూసి, నన్ను చూశాడు. ముసలమ్మ మాత్రం ఆ తడిమట్టి మీద అరచెయ్యి ఆనించింది. తల తిప్పకుండా, "నేనే కడగమన్నాను" అంది. ఆమె నాతో ఆ రోజు అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అది బాబాకూ తెలుసు. అయినా అత్తగారి మాట కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

కిందికి మనిషిని పంపి గొర్రెలకు వేసే పచ్చిమేత కట్ట తెప్పించింది. ఆ ఆకుపచ్చ రంగుడబ్బాది కాదట. ఏటా పండగ ముందు ఆడవాళ్ళు పచ్చిమేత నలిపి గోడకు రుద్దేవాళ్ళట. మేం చిన్నప్పుడు బడి పలకలకు చిక్కుడాకు రుద్దినట్టే! "మా అమ్మ పోయాక ఎవరూ రుద్దలేదు. మాసిన దాన్నే చూసి వెళ్ళిపోతున్నాం" అని ముసలమ్మ కూతురి వైపు చూసింది. మేడమ్ తల దించుకుంది. ముసలమ్మ నా చేతిలో గుప్పెడు ఆకు పెట్టింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాం. కాసేపటికి మేడమ్ కూడా గాజులు పైకి తోసుకుని మా పక్కన చేరింది. గదంతా పసరు వాసన.

రీఎంట్రీ ఆ వారమే వచ్చింది. నా మనవరాలిని పుట్టిన రోజే ఎత్తుకున్నాను, నా గోళ్ళ సందుల్లో పచ్చ ఇంకా పూర్తిగా వదలలేదు. ముసలమ్మ ఇప్పుడు లేదు. ఫ్లాస్కును తిరిగి అరలో పెట్టేశాను. దాని మీది ఆకుపచ్చ నేను పోయాక కూడా ఉంటుంది. ఆ గోడ మీద మేం రుద్దింది ఎండి మాసిపోయి ఎన్నాళ్ళయిందో. ఈ పండగకు ఎవరైనా మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ రుద్దుతారా అన్నదొక్కటే, ఇంత దూరం నుంచి, నేను కాలాన్ని అడగగలిగింది.