మిగిలిన నీలిమందు

ఆ రోజుల్లో ఆకాశం గురించి తెలియాలంటే ఎండాకాలం మాచర్లలో మిద్దె మీద పడుకోవాలి, లేదా గుంటూరు వెళ్లి చదువుకోవాలి. నేను రెండూ చేసినదాన్ని కాబట్టి నాకంతా తెలుసనుకునేదాన్ని. బియస్సీ పూర్తిచేసి మా ఊరి హైస్కూల్లోనే సైన్సు పంతులమ్మగా చేరాను, అదీ టెంపరరీగా. ఇన్స్పెక్టరు గారికి నా సైన్సు ప్రదర్శన నచ్చితే ఉద్యోగం ఉంటుంది, నచ్చకపోతే ఇంట్లో కూర్చుని పెళ్లిచూపుల వాళ్లకు కాఫీలు అందించుకోవాలి. (మా నాన్న ఆశంతా ఆ రెండోదాని మీదే.)

అందుకని స్కూలు వరండాలో పాలపుంతను ముగ్గుగా వేశాను. పిడుగురాళ్ల సున్నపుపిండితో గీతలు, నడుమ ఎర్రబారిన ముసలి నక్షత్రాలకు ఇటుకపొడి, చుట్టూ సుడి తిరిగే చేతుల్లో నీలంగా మెరిసే పడుచు నక్షత్రాలకు నీలిమందు కలిపిన పిండి. చేతుల కొసలు పల్చబడుతూ మాయమైపోయేట్టు వదిలేశాను. ఆ అంచుల్లో చెప్పుకోదగ్గదేమీ ఉండదని నేను చదువుకున్న పుస్తకం చెప్పింది మరి. నా పనితనానికి నేనే మురిసిపోతూ భోజనానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి స్కూల్లో నీళ్లు నింపే పిన్ని (అందరికీ పిన్నే, పెద్ద పంతులు గారికి కూడా) ముగ్గు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నేను వదిలేసిన కొసలన్నీ కలిపేసి, ఖాళీ అంచు పొడుగునా నీలం చుక్కలు పెట్టేసింది.

“పిన్నీ! ఏం చేశావ్?”

“ఏందమ్మాయ్ అట్టా అరుస్తావు? పెళ్లిగావాల్సిన పిల్లవి, ముగ్గు కొసలు కలపకుండా వదిలేస్తారా ఎవరన్నా? మంచిది గాదు. నీలిమందు పిండి చానా మిగిలింది, పారబొయ్య బుద్ధిగాక అంచున చుక్కలెట్టా. ఇప్పుడు చూడు, ఎంత నిండుగా ఉందో!”

తుడిచేద్దామని వంగేలోపే ఇన్స్పెక్టరు గారి బూట్ల చప్పుడు, వెనకే పెద్ద పంతులు గారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన ఇటుకపొడి దాటి, చేతులు దాటి, సరిగ్గా అంచు దగ్గరే ఆగారు. “ఇంత చివర పడుచు నక్షత్రాలేమిటమ్మా?” అన్నారు. పొరపాటండీ అంటే సరిపోయేది. కానీ స్తంభం పక్కన పిన్ని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కూతుర్ని పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన తల్లిలా చూస్తోంది. ఆ ముఖం చూశాక నాకా మాట నోటికి రాలేదు.

“అవి ఈమధ్యే పుట్టినవండీ.”

“అంత మారుమూలనా?”

“గుంటూరు నుంచి వచ్చే రైలు మాచర్లతో ఆగిపోతుందండీ. అయినా ఇక్కడ పిల్లలు పుట్టడం లేదా?”

పెద్ద పంతులు గారు కళ్లు మూసుకున్నారు. ఇన్స్పెక్టరు గారు కాసేపు నన్ను చూశారు, కాసేపు ముగ్గును చూశారు, ఆనక పగలబడి నవ్వారు. “సైన్సు సంగతెలా ఉన్నా నీ క్లాసులో పిల్లలు మాత్రం నిద్రపోరు,” అన్నారు. ఉద్యోగం నిలబడింది. మా నాన్న చాన్నాళ్లు పిన్నిని తిట్టుకున్నారు.

మొన్న మనవరాలు పేపరు చదివి వినిపించింది. మన పాలపుంతలాంటి నక్షత్రవీధుల అంచుల్లో, ఏమీ లేదనుకున్న చోట, నీలంగా కొత్త నక్షత్రాలు పుడుతున్నాయట. పిన్ని బతికుంటే ఈ మోకాళ్లతోనే పరుగెత్తుకెళ్లి చెప్పేదాన్ని. ఎంత గుర్తొచ్చిందో! కళ్లు తుడుచుకుంటూ ఈ కథంతా చెబితే పిల్ల నోరు తెరిచింది.

“ఆవిడకి అప్పుడే ఎలా తెలుసు అమ్మమ్మా?”

“ఏం తెలుసే పిచ్చిదానా,” అన్నాను, “నీలిమందు మిగిలింది.”