మంత్రిగారు స్లాబు మీదున్నారు

ఆ కుర్చీ ఇటు లాక్కుని సరిగ్గా కూర్చో. ఫోను పక్కన పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. పొద్దున పక్కింటి స్లాబు పోయడం చూశావు కదా? ఏనుగు తొండంలాంటి గొట్టం పైకెత్తి, మనం టిఫిన్ తినేలోపు పోసేశారు. ఇంజనీరట, ఆ అబ్బాయి కారు కూడా దిగలేదు. అప్పుడు గుర్తొచ్చాడు మా బావ, అంటే మా అక్క భర్త.

ఆయన చెరువుల ఇంజనీరు. కట్ట తెగకముందే బాగుచేద్దామని పైవాళ్లకు రాసి రాసి విసిగిపోయి, "సంతకం పెట్టే కుర్చీలనే పోయి కూసుంట" అని ఉద్యోగం వదిలేసి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఓటడగడానికి వెళ్లి, ఆ ఇంటి గోడలో పగులు కనిపిస్తే కట్టినవాణ్ణి తిట్టి వచ్చేవాడు. అయినా గెలిచాడు. అప్పుడు అక్కావాళ్లు అశోక్‌నగర్‌లో, కొత్తగా పెళ్లయిన నేను చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. ఊళ్లో ఉద్యమాల గడబిడలు సద్దుమణిగి, మూతపడ్డ కాలేజీలు మళ్లీ తెరుస్తున్న రోజులవి.

ఒకనాడు మధ్యాహ్నం అక్క రిక్షాలో ఊడిపడింది. పట్టుచీర కట్టుకుంది, ఒక్క చెవికే కమ్మ ఉంది. బావను మంత్రిని చేస్తున్నారట, నాలుగింటికి రాజ్‌భవన్‌లో ప్రమాణమట, సర్కారు కారు వచ్చి వాకిట్లో నిలబడిందట. మనిషి మాత్రం ఇంట్లో లేడు. "ఇంకొకాయన షేర్వాణీ ఏసుకొని తయారుగ కూసున్నడంటనే. ఈయన రాకుంటే ఆయనకే ఇస్తరంట" అంది. నేనూ ఉన్న ఒక్క పట్టుచీర చుట్టుకున్నాను. నారాయణగూడ చాకలాయన దగ్గర బావ షేర్వాణీ ఇస్త్రీకి ఉంటే వేడివేడిగా లాక్కుని, అక్కావాళ్ల వాకిట్లో ఆ సర్కారు కారెక్కి కవాడిగూడ పరుగెత్తాం. బావ ఎక్కడుంటాడో అక్కకు తెలుసు.

అక్కడి బస్తీలో పాలమూరు నుంచి వచ్చిన కూలివాళ్లుండేవారు. సగం నగరం ఇళ్లు వాళ్లు కట్టినవే, వాళ్ల పిల్లల బడి మాత్రం రేకుల కింద నడిచేది. బావ ప్లాను గీసిచ్చాడు, వాళ్లు సెలవు రోజుల్లో గోడలు లేపారు. ఆ రోజు స్లాబు. మొదలుపెట్టిన స్లాబు నడుమ ఆగకూడదు. పాతదీ కొత్తదీ అతుక్కోక, వానొస్తే అక్కడే కారుతుంది. అందుకే స్లాబు నాడు ఇంజనీరు కదలడు, అది వాళ్ల నీమం. వెళ్లేసరికి బావ లుంగీ ఎగ్గట్టి పైన నిలబడ్డాడు. ఓ మూల ఇంకా మిగిలి ఉంది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

"దిగుండ్రి, మిమ్మల్ని మంత్రిని చేస్తుండ్రు" అని కింది నుంచే అరిచింది అక్క.

"మంచిదే. ఆ మూల కానియ్యి, వస్త."

"గవర్నరు గారు మీకోసం ఆగుతరా?"

"సిమెంటు ఆగుతదా? మంత్రి లేకున్నా సర్కారు నడుస్తది. నేను దిగితే వీళ్లు నడిమిట్లనే వదిలేస్తరు, మబ్బు జూసినవా?"

అక్కకు ఏడుపొక్కటే తక్కువ. కాసేపు ఆయన్నీ మబ్బునూ మార్చి మార్చి చూసి, కొంగు బిగించి, తట్టలందించే ఆడవాళ్ల వరసలో దూరింది. మేస్త్రీ పెళ్లాం నోటిమీద చెయ్యేసుకుని, "పట్టుచీర ఖరాబైతదమ్మా, జర దూరం నిలబడు" అంది. "చీరనే కదా పోయేది. మీ సారు కుర్చీ పోకముందే తట్ట ఇటియ్యి" అంది అక్క. అక్క పక్కన నేను, నా పక్కన సర్కారు డ్రైవరు. "సాబ్, నా నౌకరీ పోతది" అని గొణుగుతూనే టోపీ జేబులో పెట్టుకుని తట్ట అందుకున్నాడు. బస్తీ అంతా కదిలొచ్చింది. ఎంత నవ్వుకున్నామో, భుజాలు అంత లాగేశాయి. ఆఖరి తట్ట పడ్డాక బావ ఓసారి చుట్టూ తిరిగి చూసి, "వానొస్తది, తాటిపత్రి పట్టా కప్పుండ్రి" అని దిగాడు. బకెట్లో కాళ్లు ముంచి, సిమెంటు బస్తాల వెనక షేర్వాణీ తొడుక్కున్నాడు. కారు లిబర్టీ చౌరస్తా దాటేలోపే వాన పడింది. దారంతా అక్క ఆయన జుట్టులో సిమెంటు దులుపుతూనే ఉంది.

మేం వెళ్లేసరికి ఆ ఇంకొకాయన ముందు వరసలోకి జరుగుతున్నాడు. బావ ఆయన భుజం తట్టి, "జర జరుగుండ్రి అన్నా" అని పక్కన నిలబడ్డాడు. ప్రమాణం చేస్తుంటే గొంతు స్థిరంగానే ఉంది, గోళ్లు మాత్రం బూడిదరంగు. అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ కుర్చీ ఎన్నాళ్లో నిలవలేదు, ఎవరెవరో కూర్చున్నారు, లేచారు. బడి మాత్రం ఉంది, ఆ మూల ఇంతవరకూ కారలేదు. నాకేమనిపిస్తుందంటే, కాలం కూడా పచ్చిగా ఉన్నంతసేపే మన చేతికి లొంగుతుంది, ఒకసారి బిగుసుకుందా, ఇక మనం ఎంత... ఆ, వస్తున్నానమ్మా, వడ్డించు. లే, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది.