పాలు పోయడానికి వెళ్లి పట్లు నేర్చిన రోజులు

మొన్న మా కరెంటాఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ, మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి టిఫిన్ డబ్బాకు సెల్‌ఫోన్ ఆనించుకుని ఏదో ఆట ఆడుకుంటోంది. అందులోంచి గుద్దుల చప్పుళ్లు, అరుపులు వినబడేసరికి పెరుగన్నం కలుపుతున్న నా చేయి ఆగిపోయింది. వంగి చూస్తే ఎదురెదురుగా ఇద్దరు మనుషులు, పైన ఎవరికి ఎంత ప్రాణం మిగిలిందో చూపించే రెండు గీతలు. ఎన్ని రంగులు చేరినా అదే ఆట. నా ఎడమ బొటనవేలు నాకు తెలియకుండానే డబ్బా మూత మీద కిందికీ ముందుకీ జారుతుండడం చూసి ఆ పిల్ల నవ్వి, "మేడమ్, మీకు గీ ఆటలు ఎర్కేనా?" అని అడిగింది. మోకాళ్లకు నూనె రాసుకుంటే తప్ప మెట్లెక్కలేని ఈ మేడమ్ ఒకప్పుడు కరాటేలో నల్ల బెల్టు కట్టుకుందంటే నమ్ముతుందో లేదోనని, కొంచెం ఎరుకే అని ఊరుకున్నాను. ఆమెకు చెప్పనిది మీకు చెప్పుకుంటాను. ఆట క్యాసెట్టును నోటితో ఊది పెట్టెలో పెట్టిన తరం మీదే అయితే, పెద్దగా వివరించనక్కర్లేదు కూడా.

మాది జహనుమా. ఇంటి వెనక కొట్టంలో బర్రెలుండేవి. బాపు పొద్దున్నే పాలు పిండి, సైకిలుకు రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని మొఘల్‌పురా గల్లీల్లో ఇంటింటికీ పోసి వచ్చేవాడు. అక్కడ చాలా ఇళ్లలో ఆడవాళ్లు పరదా పాటించేవారు కనుక బాపు బయటే నిలబడి తలుపు గొలుసు కొట్టేవాడు, పరదా సందులోంచి గిన్నె వచ్చేది, పాలు పోయించుకుని లోపలికి పోయేది. సెలవుల్లో నేను వెంట వెళ్లడం మొదలుపెట్టాక ఆ పద్ధతి మారింది. ఆడపిల్లను కాబట్టి నేను పరదా ఎత్తి నేరుగా వంటింట్లోకి వెళ్లి పోసి వచ్చేదాన్ని. ఒక ఇంట్లో అంత పొద్దునే ఉల్లిపాయలు ఎర్రగా వేగుతుండేవి, ఇంకో ఇంట్లో చాయ్‌లో యాలకులు మరుగుతుండేవి. ఇప్పటికీ ఆ వాసనలు తగిలితే నేను ఏ గల్లీలో ఉన్నానో కళ్లు మూసుకుని చెప్పగలననిపిస్తుంది.

ఆ ఇళ్లలో ఒకదాన్ని మాత్రం నేను ప్రతిరోజూ ఆఖరుకు ఉంచుకునేదాన్ని. నడుమ చిన్న ఆంగణం, ఒక దానిమ్మ చెట్టు, వరండాలో చెక్క బల్ల మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించే ముసలావిడ. వీధంతా ఆమెను నానీమా అనే పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. ఆమె మనవరాలు నా ఈడుది. ఆ ఏడు ఎండాకాలంలో ఆ అమ్మాయి మేనమామ సౌదీ నుంచి వస్తూ టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి తెచ్చాడు. నేను పాల గిన్నె వంటింట్లో పెట్టి వస్తుంటే, ఒంటరిగా ఆడి విసిగిపోయిన ఆ పిల్ల రెండో రిమోటు నా చేతిలో పెట్టి, "ఆజా, నాతోని కొట్లాడు" అంది. మా దోస్తీ అలా కొట్లాటతోనే మొదలైంది.

ఆ ఆటలో మగవాళ్లు, ఆడవాళ్లు, రాక్షసుల్లాంటి వాళ్లు చాలామంది ఉండేవారు. నా దోస్తు ఎప్పుడూ ఈలలా దూసుకొచ్చే ఒక సన్నటి పిల్లను ఎంచుకునేది. నేను గడ్డం ఉన్న ఒక లావుపాటి ముసలాయనను తీసుకునేదాన్ని. ఆయన అడుగు తీసి అడుగు వేసేలోపే నాలుగు తన్నులు పడేవి గనుక ఎవరూ ఆయన జోలికి పోయేవారు కాదు, నాకు మాత్రం ఎందుకో ఆయనను చూస్తే జాలీ, ఇష్టమూ రెండూ కలిగేవి. నానీమాకూ అంతే. అడకత్తెర పక్కన పెట్టి, "మార్ బుడ్డే, మార్! ఛోడ్ మత్!" అని, కొట్టు, వదలొద్దని తన సొంత మొగుణ్ణి ఉత్సాహపరుస్తున్నట్టు అరిచేది. అంత అరిచినా నేనూ నా ముసలాయనా రోజూ ఓడిపోయేవాళ్లం.

ఒకరోజు ఆ అరుపులే మా గుట్టు బయటపెట్టాయి. ఎండలో క్యాన్లతో నిలబడ్డ బాపు, నేను ఎంతకీ రాకపోయేసరికి, పైగా లోపలి నుంచి ‘మార్, మార్’ అని వినబడేసరికి, ఎవరో నన్ను కొడుతున్నారనుకుని గల్లీ అదిరేట్టు కేక వేశాడు. నానీమా పడీ పడీ నవ్వి, మిగతా ఆడవాళ్లను లోపలికి పొమ్మని, తనే గుమ్మం దాకా వెళ్లి పరదా ఎత్తింది. "నీ అంత కొడుకున్నడు నాకు, సిగ్గెందుకు? రా, నీ బిడ్డ ఎట్ల తన్నులు తింటున్నదో సూడు" అంది.

బాపు వరండా అంచున ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపు తెర మీద ఆట చూశాడు. ఆ తర్వాత మెల్లగా, "నీ ముసలాయన ఊకె ఎందుకు ఎగుర్తున్నడు బిడ్డా? బరువున్నోడు ఎగురొద్దు. నిలబడు. రానియ్యి. దగ్గరికొచ్చినంక పట్టు" అన్నాడు. నేను మీట మీది నుంచి వేలు తీసి ఆగాను. దోస్తు బొమ్మ ఎప్పట్లాగే ఎగిరి దగ్గరికి రాగానే నొక్కాను. ముసలాయన దాన్ని గాలిలోనే ఒడిసిపట్టి నేలకు కొట్టాడు. నా మొదటి గెలుపు అది. నానీమా లేచి నిలబడి నా నెత్తి మీద చేతులు తిప్పి మెటికలు విరిచింది.

ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు బాపు సైకిలెక్కలేదు. దాన్ని నడిపించుకుంటూ, పక్కన నడుస్తున్న నాకు దారి పొడుగునా తన సంగతి చెప్పాడు. పెళ్లికి ముందు నుంచీ ఆయన హుస్సేనీ ఆలంలో ఒక తాలీంలో, అంటే పహిల్వాన్ల గోదాలో, కుస్తీ పట్టేవాడట. ఆయన చెవులు ముద్దగా ముడుచుకుని ఎందుకుంటాయో అప్పుడే తెలిసింది, అంతదాకా పుట్టుకతోనే అలా ఉన్నాయనుకునేదాన్ని. పెళ్లైన కొత్తలో ఒక కుస్తీలో భుజం గూడు జారి ఇంటికి మోసుకొచ్చారట. అమ్మ తన నెత్తి మీద చేయి పెట్టించుకుని, మళ్లీ ఆ మట్టి తొక్కనని ఒట్టు వేయించుకుందట. ఆ తర్వాత ఆయన నిజంగానే తొక్కలేదు. కానీ మర్నాటి నుంచి అమ్మ గుడికో, అంగడికో వెళ్లినప్పుడల్లా కొట్టంలో బర్రెల మధ్య నాకు నిలబడడం నేర్పేవాడు. కాళ్లు ఎంత ఎడం పెట్టాలి, బరువు ఎక్కడ మోపాలి, ఎదుటివాడి చేతులు కాదు నడుము చూడాలి, ఇలాంటివన్నీ.

తర్వాతి ఏడు హుస్సేనీ ఆలంలోనే ఒక బడిలో ఆడపిల్లలకు విడిగా కరాటే నేర్పుతారని తెలిసింది. దోస్తూ నేనూ తిండి మానేసినంత పని చేశాం. అమ్మ ససేమిరా అంది. బాపు ఏదో చెప్పబోతే ఆయన వైపు తిరిగి, "నీకేం, నువ్వు మట్టిల పొర్లినవ్. భుజం పట్టుకోని ఒర్లినవ్. నీళ్లు కాపినోళ్లం మేము. మళ్ల గిప్పుడు బిడ్డకు కాపాల్నా?" అంది. బాపు క్యాన్లు కడిగే నెపంతో కొట్టంలోకి వెళ్లిపోయాడు. 

చివరికి దారి చూపింది నానీమా. ఆమె అమ్మను చాయ్‌కి పిలిపించింది. అమ్మ అంతకుముందెప్పుడూ ఆ ఇల్లు చూడలేదు, మంచి చీర కట్టుకుని బెరుకుగా వచ్చి బల్ల అంచున కూర్చుంది. కరాటే మంచిదనో, ఆడపిల్లకు ధైర్యం కావాలనో నానీమా ఒక్క ముక్క అనలేదు. అమ్మ చేయి పట్టుకుని, "సూడు బేటీ, మా పిల్లకు గా పిచ్చి పట్టింది. వద్దంటే ఏడుస్తది. ఒక్కదాన్ని పంపాలంటే నాకు ఫికర్. నీ బిడ్డ తోడుంటే నా దిల్‌కు తసల్లీ. నాకోసం పంపు" అని అడిగింది. సాయం అడిగితే కాదనడం మా అమ్మకు చేతకాదు. చాయ్ కప్పు కింద పెట్టి, "కొన్నొద్దులు పంపుత నానీమా. దెబ్బ తాకిందంటే మాత్రం మళ్ల పంప" అంది.

అలా మా కరాటే మొదలైంది. తెల్ల డ్రెస్సులకు అమ్మే నీలిమందు పెట్టి ఆరేసేది, తిట్టుకుంటూనే. దోస్తు తలకు గుడ్డ బిగించి కట్టుకుని వచ్చేది. మా మాస్టరు మాటలు తక్కువ మనిషి, తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి చేయించడమే ఆయన తిట్టు. పొద్దున్న తన్నులు నేర్చుకుని, పగలు వాటినే టీవీలో బొమ్మల చేత వేయించి, ఏది నిజంగా పనికొస్తుంది, ఏది ఉత్త ఎగురుడు అని మేమిద్దరం చేసిన చర్చలకు అంతుండేది కాదు.

కొన్నేళ్లకు నగరంలోని కరాటే బడులన్నింటికీ కలిపి పోటీలు పెట్టారు. చీటీల్లో మా ఇద్దరి పేర్లే ఎదురెదురుగా వచ్చాయి. బాపు సైకిలు మీద వచ్చాడు. అమ్మ, ‘దెబ్బలు తాకుతయో లేవో సూస్త’ అంటూ నానీమాతో కలిసి ఆటోలో వచ్చింది. దోస్తు ఎడమ భుజం కుంగితే కుడి కాలు లేస్తుందని నాకు తెలుసు, నేను ఊపిరి బిగబట్టానంటే ముందుకొస్తానని ఆమెకు తెలుసు. అందుకే ఇద్దరమూ కదలకుండా ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయాం. రెఫరీకి విసుగొచ్చి, "ఏందమ్మా, చాయ్ తాగొచ్చి కొట్లాడుతరా?" అన్నాడు. హాలంతా నవ్వింది. మాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆమె ఎగిరింది, నేను అలవాటుగా నిలబడి రానిచ్చి చేయి చాచాను. వెంట్రుకవాసి దూరంలో ఆగాల్సిన పిడికిలి ఆగలేదు. ఆమె ముక్కులోంచి రక్తం కారింది.

అప్పుడు మా అమ్మ తాడు దాటుకుని చెప్పులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చింది. నా వైపు కాదు. దోస్తు ముక్కుకు తన కొంగు అదిమిపెట్టి, "దోస్తును గిట్ల కొడ్తరానే? మొకమా అది ఏమన్ననా?" అని నా మీద విరుచుకుపడింది. రెఫరీ ‘చెప్పులమ్మా, చెప్పులు’ అని మొత్తుకుంటున్నాడు. నన్ను ఫౌల్ కింద బయటికి పంపారు. దోస్తు ముక్కులో దూది పెట్టుకుని తర్వాతి ఆటలో ఒక పొడుగు పిల్ల చేతిలో ఓడిపోయింది. తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో అమ్మా, నానీమా, మేమిద్దరమూ ఇరుక్కుని కూర్చున్నాం. ఇక కరాటే ఇంతటితో సరి అని నేను గుడ్లలో నీళ్లు కుక్కుకుంటున్నాను. అమ్మ దోస్తు గదమ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నువ్వు చెయ్యి ఎందుకు దించినవే? మొకానికి అడ్డం పెట్టుకోవాలె గదా. మళ్ల పోటీకి గిట్ల దించకు" అంది. నానీమా చప్పట్లు కొట్టి నవ్వింది. "లో, సూడు, ఇంకో ఉస్తాదు తయారైంది!"

మళ్లీ పోటీ ఉంటుందని అమ్మ నోట విన్నాక నేను ఆగలేదు. నల్ల బెల్టు కట్టుకున్నాను, ఉద్యోగంలో చేరాను, పెళ్లయింది, పిల్లలు పుట్టాక కూడా కొంతకాలం సాధన చేశాను. దోస్తు పెళ్లి చేసుకుని టోలీచౌకీ వెళ్లింది. నానీమా పోయింది. బాపు బర్రెలను అమ్మేశాడు.

ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది ఆ తర్వాతే. వేళ్లు కదలాలని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. బాపు దాన్ని ఎడమ చేత్తో గోడకేసి విసిరి, "నేనేమన్న పసిపిల్లగాన్నా?" అన్నాడు. నేను ఆలోచించి ఒక వీడియో గేమ్ కొనుక్కుని వెళ్లి, ఒక రిమోటు ఆయన చేతిలో, రెండోది అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ జన్మలో దాన్ని ముట్టుకోలేదు. ఏ మీట దేనికో అడక్కుండా చిక్కుడుకాయలు వలిచినట్టు అన్నింటినీ గబగబా నొక్కేసింది. ఆమె బొమ్మ పూనకం వచ్చినట్టు ఎగిరి, నిలబడి కాచుకుంటున్న బాపు పహిల్వానును చితకబాదింది.

"గిది కుస్తీ గాదు, గిది లొల్లి!" అన్నాడు బాపు.

"ఓడినోళ్లందరు గట్లనే అంటరు" అంది అమ్మ.

ఇక రోజూ సాయంత్రం చాయ్ తర్వాత అదే పని. రోజూ అమ్మే గెలిచేది. ఒక్కసారైనా ఓడిపోరాదా అని చాటుగా బతిమాలితే, "నేను కావాల్నని ఓడితే ఆయనకు తెల్వదనుకుంటున్నవా? తెలిసిందంటే మళ్ల ఆడడు" అంది. పంతం కొద్దీ బాపు బొటనవేలు ముందు వణికింది, తర్వాత జరిగింది, తర్వాత తిరిగింది. ఒక ఆదివారం నేను అక్కడే ఉండగా ఆయన పహిల్వాను అమ్మ బొమ్మను ఒడిసిపట్టి నేలకు కొట్టాడు. బాపు తాలీంలో చేసినట్టు తొడ చరిచాడు. చరిచింది కుడి చేత్తో. అమ్మ టీవీ చూడలేదు, ఆ చేతినే చూసింది. రిమోటు ఒళ్లో పెట్టుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఇయ్యాల్టి సంది చాయ్ నేను తాపియ్య. నువ్వే పట్టుకోని తాగు" అంది.

ఆ తర్వాత బాపు ఇంకొన్నేళ్లు తన చాయ్ తనే తాగి, తృప్తిగానే వెళ్లిపోయాడు. అమ్మ ఇప్పుడు మాతోనే ఉంది. ఆ ఆట పెట్టమంటే, ఎవరితో ఆడాలె అంటుంది. దోస్తూ నేనూ ఫోనులో మాట్లాడుకుంటాం, ఎవరి మోకాలు ఎక్కువ నొస్తుందో పోటీ పెట్టుకుంటాం. పాల పాకెట్లు ఇప్పుడు తెల్లారేసరికి తలుపుకు తగిలించిన సంచిలో పడి ఉంటాయి, వేసినది ఆడో మగో కూడా నేనెప్పుడూ చూడలేదు. ఆటలూ అంతే, ఎవరి చేతిలోకి వాళ్లకు నేరుగా వచ్చేస్తున్నాయి. సుఖమే, కాదనను. అయినా ఆఫీసు పని మీద మొఘల్‌పురా వైపు వెళ్లినప్పుడు ఆ గల్లీల్లో అడుగు తడబడుతుంది. కొన్ని తలుపులకు ఇంకా పరదాలు వేలాడుతుంటాయి. లోపల ఏ పిల్లో అరుస్తూ నవ్వుతూ ఆడుకుంటున్న చప్పుడు వినబడుతుంది. కాసేపు నిలబడి వింటాను. లోపలికి వెళ్లడానికి నాకిప్పుడు ఏ పనీ లేదు.