ఎప్పటికీ చెరగని చోటు

బెంగాల్‌లోని మా ఖరగ్‌పూర్‌లో, రైల్వే పనులకొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పెద్దవాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయడం నా పరిశోధన. ఆ రికార్డింగులను అందరితో పంచుకోవడానికి మంచి డేటా రిపాజిటరీ కోసం, అంటే ఆన్‌లైన్‌లో వాటిని భద్రంగా దాచే చోటు కోసం, నెలలుగా వెతుకుతున్నాను. ఒకటి మూతపడింది, ఇంకొకటి పెద్ద ఫైళ్లు తీసుకోదు. చివరికొకటి దొరికింది. ఉచితం, శాశ్వతం, ఎవరైనా వినవచ్చు. మాట్లాడినవాళ్లు ఒప్పుకుంటే చాలు.

ఈ సాయంత్రం పూరీ గేట్ పేటలో, రైలు గార్డుగా రిటైరైన అప్పలస్వామి తాత ఇంటికెళ్లి ఆ సంగతే చెప్పాను. ఆయన మాటలు ఇదివరకే ఒకసారి రికార్డు చేశాను.

"ఆంధ్రావోళ్లు కూడా ఇంటారేటి?" అన్నాడు.

"ఎవులైనా ఇంటారు తాతా."

"అయితే పాతది తుడిసెయ్. మన మాటకి నవ్వుతారు. ఉండు, మల్లీ సెప్తాను."

లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గొంతు సవరించుకుని, బడిపుస్తకం చదివినట్టు, "నేను రైల్వే శాఖ యందు ఉద్యోగము చేసియున్నాను" అని మొదలుపెట్టాడు. అదే రికార్డు చేశాను. పాతది ఆయన కళ్లముందే తుడిచేశాను.

ఇల్లు చేరేసరికి, తాత దగ్గర సంగతి విని ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు ఫోన్ చేశారు, తమవీ తుడిచేయమని.

ఎప్పటికీ చెరగని చోటు దొరికింది. అందులో పెట్టడానికి మా మాటే మిగిలేలా లేదు. ఇంతకీ మా మాటకి నవ్వినవాళ్లెవరో చేతులెత్తండి, చూస్తాను.